మేడం నోరు తెరవకూడదు

ఓర్వకల్లుకు దగ్గర్లోని ఆ పల్లెలో మొదటిరోజు నేను చాక్‌పీసు చేతిలోకి తీసుకోకముందే ఒకావిడ నన్ను ప్రశ్న అడిగింది. ముందు వరుసలో చాప మీద, మోకాళ్ళు ముడుచుకుని, ఒళ్ళో పలక పెట్టుకుని కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. గట్టి గొంతు.

"మేడమా, నీకు ఉద్యోగం ఉండాదా?"

"లేదమ్మా. ఇదే. ఈ శిక్షణ అయిపోయేదాకా."

"ఏం సదివినావు?"

"డిగ్రీ. దాని తర్వాత బీఈడీ."

ఆవిడ వెనక్కి తిరిగి అందరినీ ఒకసారి చూసింది. "అంత సదివిన పాపకే లేకుంటే మనకేమొస్తాదంట?"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయాలో తెలియక. కర్నూల్లో మా అక్క ఇంట్లో ఉంటూ, డీఎస్సీ ఎప్పుడు పడుతుందా అని చూస్తూ, ఇద్దరు ముగ్గురు పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటున్న రోజులవి. పని లేని పెద్దవాళ్ళకు చదవడం, రాయడం, లెక్కలు నేర్పే శిక్షణను ప్రభుత్వం మొదలుపెడుతోందని, నేర్పేవాళ్ళు కావాలని తెలిసి దరఖాస్తు పెట్టాను. అంటే పని లేనిదాన్ని పని లేనివాళ్ళకు చదువు చెప్పడానికి వెళ్ళాను. ఆ సంగతి ఆవిడ మొదటి నిమిషంలోనే పట్టేసింది.

"నాకూ తెలీదమ్మా. అందరం కలిసి చూద్దాం, ఏమొస్తుందో" అన్నాను.

ఆవిడ ఒళ్ళో పలక సర్దుకుంది. "నిజం చెప్పినావు. సరే, ఏం సదివిస్తావో సదివించు" అంది.

ఆ ఊరి చుట్టూ రాళ్ళ గుట్టలు. ఒకప్పుడు వాటి నడుమ నేలల్లో కొర్ర, కంది, ఆముదం వేసేవాళ్ళట. కొంత భూమి విమానాశ్రయానికి పోయింది, ఇంకొంత ఫ్యాక్టరీల కోసమని కంచె వేశారు. భూమి ఉన్నవాళ్ళకు పరిహారం వచ్చింది. ఆ చేలల్లో కలుపు తీసి బతికినవాళ్ళకు మాత్రం పని పోయింది. కొత్త కంపెనీల్లో ఊడ్చే పనికైనా, గేటు దగ్గర కాపలాకైనా చదవడం, సంతకం పెట్టడం రావాలన్నారు. అందుకే వీళ్ళంతా మధ్యాహ్నం అన్నాలు తిని, అంట్లు కడుక్కుని, సామాజిక భవనానికి వచ్చేవాళ్ళు. మగవాళ్ళు తక్కువ. వాళ్ళలో హుషారైన మనిషి సైకిల్ షాపు భాయ్. ఊళ్ళో అందరూ మోటారు సైకిళ్ళు కొనుక్కున్నాక షాపు మూసేశాడు. పేరు మాత్రం అలాగే మిగిలింది.

ప్రశ్న అడిగిన పెద్దావిడకు ఒక కోడలుందని, ఆ కోడలూ నా క్లాసులోనే ఉందని వారం రోజుల దాకా నాకు తెలియనే తెలియదు. అత్త ముందు వరుసలో కూర్చునేది, కోడలు వెనక గోడకు ఆనుకుని కూర్చునేది. వస్తే విడివిడిగా వచ్చేవాళ్ళు, పోతే విడివిడిగా పోయేవాళ్ళు. పుస్తకాలు వచ్చిన రోజున బయటపడింది. వచ్చినవి తక్కువ. ఒకే ఇంటివాళ్ళుంటే ఇద్దరికీ కలిపి ఒకటిస్తానన్నాను. ఎవరూ పలకలేదు. భాయ్ లేచి నిలబడ్డాడు.

"ఉండారు కదా మేడం. ముందర అత్త, వెనకాల కోడలు. మధ్యలో మేము" అన్నాడు.

అత్త అతన్ని గుర్రుగా చూసింది. కోడలు తల వంచుకుంది. అయినా పుస్తకం ఒకటే కాబట్టి, కోడలు లేచి వచ్చి అత్త పక్కన జానెడు ఎడం పెట్టి కూర్చుంది.

వాళ్ళ మధ్య పోట్లాట ఏమీ లేదు. కొడుకు డోన్‌లో లారీ తోలుతాడు. ఎక్కువగా రోడ్ల మీదే ఉంటాడు. ఇంట్లో ఉండేది ఇద్దరే. కోడలు ఆదోని అవతల, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న పల్లె పిల్ల. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె భోజనాన్ని కన్నడంలో ఊట అంటే అత్త నలుగురిలో నవ్విందట. ఆమె మాట్లాడటం తగ్గించింది. ఆమె మాట్లాడటం లేదని అత్తా మాట్లాడటం తగ్గించింది. ఏళ్ళు గడిచేసరికి ఆ ఇంట్లో గిన్నెలు, తలుపులు తప్ప వేరే చప్పుడు లేకుండా పోయింది. ఇదంతా భాయ్ చెప్పాడు నాకు, అడగకుండానే.

ఒకే పుస్తకం కావడంతో ఇంటి దగ్గర కూడా పక్కపక్కన కూర్చోక తప్పలేదు. మొదటి పోట్లాట అప్పుడొచ్చింది, దాంతో మాటలూ వచ్చాయి. కోడలు చిన్నప్పుడు అవ్వగారింట్లో ఉండి కొన్నాళ్ళు కన్నడ బడికి పోయింది. కన్నడ అక్షరాలూ తెలుగు అక్షరాలూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. మిగతావాళ్ళు అ, ఆల దగ్గర తడుముకుంటుంటే ఆమె పదాలు చదివేస్తోంది.

"ఇది ముందే నేర్సుకోని వచ్చినాది మేడమా" అని అత్త ఫిర్యాదు చేసింది. "నా ముందర గొప్పలు పోవాలని."

"అది కన్నడమత్తా, ఇది తెలుగు" అంది కోడలు. ఆ గదిలో నేను విన్న ఆమె మొదటి మాట అదే.

"ఏదైతే ఏమి? అక్షరం అక్షరమే. దొంగసదువు!"

అత్తకు పుస్తకంతోనూ పేచీయే. "ఈగ అని రాసుండారు. బొమ్మ గూడ ఏసినారు. ఈగ ఎట్లుంటాదో నాకు తెల్దా? అన్నం మీద రోజూ తోలుతాండా. బస్సు మీద ఏం రాసుంటాదో అది చెప్పు నాకు. బస్టాండులో ఎవర్నో ఒకర్ని అడగాల. అడిగితే వాళ్ళు ఎగాదిగా చూస్తారు."

ఆ రోజు నుంచి ఈగను పక్కన పెట్టి ఊళ్ళ పేర్లు మొదలుపెట్టాను. నంద్యాల, కర్నూలు, డోన్, బేతంచెర్ల. బోర్డు నిండా బస్సులే. భాయ్ కండక్టరులాగా రైట్ రైట్ అని అరిచేవాడు.

లెక్కల రోజు ఇంకో గొడవ. తీసివేతలో పై అంకె చాలకపోతే పక్కింటికి పోయి ఒకటి బదులు తెచ్చుకోవాలని చెప్పాను, మా చిన్నప్పుడు మా పంతులు చెప్పినట్టే. అత్త చెయ్యెత్తింది.

"బదులు తెచ్చింది మళ్ళ ఎప్పుడిస్తాం?"

"ఇవ్వమమ్మా. అంతే, లెక్క అయిపోతుంది."

"ఇయ్యకుంటే పక్కింటోళ్ళు ఊరికే ఉంటారా? చక్కెర తెచ్చి ఇయ్యకపోతే మా పక్కింటామె ఊరంతా చెప్తాది."

నేను ఎంత చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి కోడలు చీపురు పుల్లల కట్టలు తెచ్చి, ఒక కట్ట విప్పి, పుల్లలు ఇటు జరిపి చూపించింది. "బదులు కాదత్తా. మన కట్టే మనం విప్పుకుంటాండాం." అత్త పుల్లలను చూసింది, కోడలిని చూసింది. "ఇట్ల చెప్పొచ్చు కదా ఆ మేడం" అంది. మరుసటి రోజు నుంచి నేనూ అలాగే చెప్పాను.

మధ్యాహ్నం పూట ఒక విమానం దిగేది. గుట్టల వెనక నుంచి మోత వినిపించగానే అందరూ బయటికి పరిగెత్తేవాళ్ళు. నేను మొదట్లో కోప్పడేదాన్ని, తర్వాత నేనూ వెళ్ళేదాన్ని. తోక మీద రాతలు ఇంగ్లీషులో ఉంటాయని తెలిసి అత్త చాలా నిరాశపడింది. "మన నేల మీద దిగుతాంది, మన అక్షరాలు ఒక్కటన్నా రాసుకోకూడదా?" అనేది.

అన్నీ బాగానే సాగుతున్నాయి గానీ, అత్త చదువు ఒకచోట ఆగిపోయింది. పలక మీద పెద్దగా రాసినవి చదివేది. పుస్తకం తెరిస్తే చాలు, చిరాకుపడేది. ఒత్తులు కనిపిస్తే మరీనూ. అక్షరాలు కదులుతున్నాయనేది, ఈ పుస్తకం మంచిది కాదనేది. రెండురోజులు క్లాసుకే రాలేదు. తలనొప్పని కబురు పంపింది. మూడో రోజు కోడలు అందరూ వెళ్ళేదాకా ఆగి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, మా యత్తకు కన్ను ఆనదు. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చెయ్యంత దూరం పట్టుకుంటాది. నేను చెప్తే ఒప్పుకోదు. మీరే కనిపెట్టినట్టు చెప్పండి."

నేను కనిపెట్టినట్టే చెప్పాను. ఓర్వకల్లు ఆసుపత్రిలో కళ్ళ పరీక్షలు పెడితే ముగ్గురం వెళ్ళాం. కొన్నాళ్ళకు కళ్ళజోడు వచ్చింది. అత్త క్లాసులో అందరి ముందూ అది పెట్టుకుని పుస్తకం తెరిచింది. ఒక పేజీ, ఇంకో పేజీ తిప్పింది. తర్వాత పక్కనే ఉన్న కోడలి వైపు తిరిగి, మొహంలో మొహం పెట్టి చూసింది.

"ఏమ్మే, నీ ముక్కు కింద ఈ మచ్చ ఎప్పట్నుంచి ఉండాది?"

"పుట్టినప్పట్నుంచి ఉండాదత్తా."

"నేను చూడనే లేదే!"

కోడలు నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వడం చూసి అత్తకూ నవ్వొచ్చింది. అంతకుముందు ఆ ఇద్దరూ కలిసి నవ్వినట్టు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదని భాయ్ తర్వాత నాతో అన్నాడు.

చలికాలం వచ్చింది. శిక్షణ చివర్లో పరీక్ష పెట్టాలి. ఆ మాట చెప్పగానే అత్త అడ్డం తిరిగింది.

"కాయితం మీద ఏం పరీచ్చ మేడమా? మమ్మల్ని యాడికన్నా పిల్చుకోని పో. ఆడ చూడు మేము సదువుతామో లేదో." అని, ఒక్క క్షణం ఆలోచించి, మాట మార్చింది. "నువ్వు పిల్చుకోని పోవద్దు. మేమే నిన్ను పిల్చుకోని పోతాం. దావలో నువ్వు నోరు తెరవకూడదు. మేము తప్పు బస్సెక్కినా సరే, గమ్మున వచ్చి కూర్చోవాల. మూట మాదిరి."

అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడికి అని అడిగితే భాయ్ గండికోట అన్నాడు. ఫోన్లో ఎవరో తీసిన వీడియో చూశాడట. కడప జిల్లా, రెండు బస్సులు మారాలి, పరీక్షకు సరిపోతుంది. ఆడవాళ్ళకు బస్సుల్లో టికెట్టు ఊరికే ఇస్తున్నారు కాబట్టి ఎవరూ వెనకాడలేదు. పై వాళ్ళకు ఫోను చేసి అడిగితే, కాగితం పరీక్ష తర్వాత పెట్టుకోండి, పోయి రండి అన్నారు.

ఆదివారం పొద్దున్నే ఆరేడుగురం బయలుదేరాం. జొన్న రొట్టెలు, చెనిక్కాయల పొడి, ఉల్లిగడ్డలు మూటకట్టుకున్నారు. అత్త కొత్త చీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పెళ్ళికి పెద్దలా ముందు నడిచింది. ఓర్వకల్లులో నంద్యాల బస్సు ఎక్కడం సులువుగానే అయిపోయింది. బోర్డును అందరూ కలిసి గట్టిగా చదివితే, లోపల కూర్చున్నవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు. దారి పొడవునా భాయ్ కిలోమీటర్ల బోర్డులు చదువుతూ, ఇందాకటి అంకెలోంచి ఇప్పటి అంకె తీసేసి, ఎంత దూరం వచ్చామో చెబుతూ కూర్చున్నాడు. ముందు సీటులోని పెద్దమనిషి విసుక్కుని సీటు మారాడు.

అసలు పరీక్ష నంద్యాల బస్టాండులో వచ్చింది. ఎన్ని బస్సులో! మైకులో చెప్పేది లెక్కలోకి రాదని, చదివే ఎక్కాలని అత్త నియమం పెట్టింది. కోడలు సీసాల్లో నీళ్ళు పట్టుకొస్తానని వెళ్ళింది. మేము ఒక స్తంభం దగ్గర నిలబడి ఉన్నాం. అటు చివర ఒక బస్సు కదలబోతోంది. అత్త మెడ చాచి చూసింది.

"జ! అదుగో జ! జమ్మలమడుగు! కదుల్తాంది, పరిగెత్తండి!"

భాయ్ పరుగెత్తి బస్సు తలుపు పట్టుకున్నాడు. "ఆపప్పా, ఆపు, ఆడోళ్ళుండారు!" మూటలతో, చెప్పులు చేతబట్టుకుని అందరూ పరుగు. కోడలు నీళ్ళ సీసాలతో వెనక నుంచి వచ్చి ఎలాగో ఎక్కింది. నేనూ ఎక్కాను. ఎక్కేటప్పుడు బోర్డు చూశాను. జూపాడు బంగ్లా అని రాసి ఉంది. మేము పోవాల్సిన దిక్కుకు అది పూర్తిగా ఎదురు దిక్కు.

మాట నా నోటిదాకా వచ్చింది. అత్త నా వైపు వేలు చూపించింది, నోరు మూసుకోమని. మూసుకున్నాను. పక్కన కూర్చున్న ఒకామె, "యాడికి పోతాండారు పాపా?" అని నన్ను అడిగింది. నేను అత్త వైపు చూపించాను. నేను మూగదాన్ననుకుని పాపం ఆమె నాకు ఒక జామకాయ ఇచ్చింది.

బస్సు ఊరి చివరికి వచ్చాక కండక్టరు టికెట్లకు వచ్చాడు.

"జమ్మలమడుగు" అంది అత్త ఆధార్ కార్డు తీస్తూ.

"జమ్మలమడుగా? ఇది జూపాడు బంగ్లా పోతాదమ్మా. బోర్డు మీద అంత పెద్దగా రాసుండాదే, సదువు రాదా?"

బస్సంతా మా వైపు తిరిగింది. మా వాళ్ళు ఒక్కొక్కరే తలలు దించుకోవడం చూశాను. ఇంతకాలం నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోతుందేమో అనిపించింది. అత్త మాత్రం తల దించలేదు.

"వస్తాది. ఇప్పుడే నేర్సుకుంటాండాం. ఒక అక్షరం సరిగ్గానే సదివినాం, మిగిలింది చూసుకోలేదు. బస్సాపు, దిగిపోతాం."

కండక్టరు ఆమెను చూశాడు, ఆమె వెనక మమ్మల్నందరినీ చూశాడు. ఏమనుకున్నాడో, గొంతు తగ్గించాడు. "ఇంకొంచెం ముందర సర్కిలు ఉండాది, ఆడ ఆపుతాలేమ్మా. ఆడి నుంచి నేరుగా నడిస్తే స్టాండే" అని, దిగేటప్పుడు మూటలు అందించాడు కూడా.

రోడ్డు పక్కన నిలబడ్డాం. అత్త నడుము మీద చేతులు పెట్టుకుని వెళ్ళిపోతున్న బస్సునే చూస్తోంది. కోడలు సీసాలు కింద పెట్టి ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కళ్ళజోడు నెమ్మదిగా తీసి, కొంగుతో తుడిచి, మడిచి చేతిలో పెట్టింది.

"ఇది దగ్గరికి పెట్టాలత్తా. దూరానికి తీయాల. ఆసుపత్రిలో చెప్పినారు కదా. ఇప్పుడు చూడు, ఆ అంగడి మీద ఏం రాసుండారో."

అత్త కళ్ళు చిట్లించలేదు. రోడ్డు అవతలి బోర్డును ఒక్కో అక్షరం పట్టుకుని చదివింది. "ఎ-రు-వు-లు. వి-త్త-నా-లు. పు-రు-గు మం-దు-లు." చదివి, గట్టిగా ఊపిరి వదిలింది. "అక్కా, జూపాడు బంగ్లాలో నీకు సుట్టాలుండారేమో అనుకున్నా" అన్నాడు భాయ్. అత్త చేతిలోని సంచితో అతన్ని కొట్టబోయింది. దాంతో అందరికీ నవ్వు పుట్టుకొచ్చింది. ఆ నవ్వు బస్టాండు దాకా తగ్గలేదు. నేను జామకాయను ముక్కలు చేసి అందరికీ పంచాను, ఒక్క మాటా మాట్లాడకుండా.

ఈసారి ఏ బస్సు వచ్చినా అత్తను ముందుకు తోసి, కోడలు ఆమె భుజం పక్కనే నిలబడింది. తనకు ముందే కనిపించినా పెదవి కదపలేదు. అత్త కళ్ళజోడు లేకుండా, గొంతెత్తి, మ కింద మ ఒత్తును రెండుసార్లు చదివి, "ఇదే. ఎక్కండి" అంది. ఎక్కాక కూడా నమ్మకం చాలక డ్రైవరును అడిగింది. "జమ్మలమడుగేనా?" "అవునమ్మా." "నాకు తెలుసులే, నీకు తెలుసునో లేదో అని" అంది.

జమ్మలమడుగులో ఆటో అబ్బాయి, "యాడికి పోవల్లవ్వా?" అన్నాడు. అందరూ ఒక్క గొంతుతో గండికోట అన్నారు.

నేను ఇంతకుముందు కాలేజీ వాళ్ళతో గండికోట చూశాను. కోట, లోయ, లోయ అడుగున పెన్న, అందరూ ఫోటోలు తీసుకునే ఆ రాళ్ళ అంచు. వీళ్ళు అటు పోనే లేదు. కోట వాకిలి దగ్గరే ఆగిపోయారు. అక్కడ పెట్టిన ప్రతి బోర్డూ చదవాల్సిందే. చెత్త వేయరాదు. గోడలపై రాయరాదు. అంచుకు వెళ్ళడం ప్రమాదం. అవి అయిపోయాక గోడల మీద పడ్డారు. గోడలపై రాయరాదన్న బోర్డు పక్కన మొదలుకొని, ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి రాళ్ళ మీద పేర్లు గీకిపోయారు. ఒక అబ్బాయి పేరు, బాణం గుచ్చిన గుండె బొమ్మ, ఒక అమ్మాయి పేరు. అన్నిటినీ వరసబెట్టి గట్టిగా చదువుతున్నారు. పక్కనుంచి పోతున్న కొత్తజంట ఒకటి సిగ్గుపడి వేరే దారిన వెళ్ళింది.

"ఈ పిల్లోడు చూడు" అంది అత్త, కళ్ళజోడు పెట్టుకుని రాతి మీదికి వంగి. "పిల్ల పేరులో ఒత్తు మర్సిపోయినాడు. ఇట్లాటోనికి ఆ పిల్ల దక్కింటాదా?"

"దక్కకపోయినా మంచిదేలే అత్తా" అంది కోడలు. "ఒత్తులు సరిగ్గా రాసేటోడు దొరికింటాడు."

నేను చేతులతో లోయ వైపు సైగలు చేస్తూనే ఉన్నాను. చివరికి ఎండ నడినెత్తి మీదికి వచ్చాక, చదవడానికి గోడలు అయిపోయాక, అటు నడిచారు. ఎర్ర రాళ్ళు పేర్చినట్టున్న గట్లు, కింద ఎక్కడో పచ్చగా, కదలకుండా నీళ్ళు. భాయ్ నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అత్త తనంతట తానే కళ్ళజోడు తీసింది.

"ఓయమ్మా! ఇన్ని నీళ్ళు ఈ రాళ్ళ సందులో దాసిపెట్టుకున్నారా ఈ కడపోళ్ళు!" అంది.

అంచుకు దూరంగా నీడ చూసుకుని కూర్చున్నాం. మూటలు విప్పారు. అత్త మొదటి రొట్టె కోడలికిచ్చింది, రెండోది నాకు. అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నా వైపు తిరిగి నవ్వింది.

"ఇంగ మాట్లాడు మేడమా. పొద్దట్నుంచి నోరు కట్టుకోనుండావు. పరీచ్చ అయిపాయ. పాసైనామా?"

వాళ్ళకు చెప్పాలని దారంతా ఏవేవో మాటలు కూడబెట్టుకున్నాను. తీరా ఆమె అడిగేసరికి చేతిలోని రొట్టెను ముందుకు చాపాను. "ఇంకొంచెం పొడి వెయ్యమ్మా" అన్నాను.

కాగితం పరీక్ష కూడా ఆ తర్వాత పెట్టాను. దాదాపు అందరూ పాసయ్యారు. కొద్దిరోజులకు దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీ వాళ్ళు మనుషులను తీసుకుంటున్నారని తెలిసి వీళ్ళను పిల్చుకుపోయాను. భాయ్‌ని గేటు దగ్గరికి తీసుకున్నారు, వచ్చే పోయే బండ్ల నంబర్లు రాయడానికి. కోడలిని లోపల శుభ్రం చేసే పనికి తీసుకున్నారు. ఏ డబ్బాలో ఏ మందు ఉందో చదివి వాడాలి, అందుకని ఆమెతో నాలుగైదు డబ్బాల మీద రాతలు చదివించారు. అత్త వంతు వచ్చింది. అక్కడున్న కుర్రాడు మర్యాదగలవాడే. కార్డు చూసి, కొంచెం ఇబ్బందిపడి, "అవ్వా, వయసు దాటిపోయింది. మా చేతుల్లో లేదు" అన్నాడు.

"సదవమను, సదువుతా" అంది అత్త.

"చదివినా కుదరదవ్వా."

ఆమె వినలేదు. కళ్ళజోడు తీసేసి, అతని వెనక గోడ మీద నిప్పు అంటుకుంటే ఏం చేయాలో రాసిపెట్టిన పెద్ద బోర్డును మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది. కంగారు పడవద్దు. దగ్గరి దారి గుండా బయటికి వెళ్ళండి. లిఫ్టు వాడవద్దు. ఎక్కడా ఆగలేదు. ఆ కుర్రాడు కూర్చున్నవాడు లేచి, ఆమె చివరి వాక్యం చదివేదాకా అలా నిలబడే విన్నాడు. "చాలా బాగా చదివారమ్మా" అన్నాడు. అవ్వా అనలేదు. ఉద్యోగం మాత్రం ఇవ్వలేకపోయాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కోడలు, "నేనూ పోనత్తా. నువ్వు లేకుండా నేనొక్కదాన్నే ఎట్ల పోయేది?" అంది.

"గమ్మున పో. ఇద్దరం ఇంట్లో కూసోని ఏం చేస్తాం, ఒకరి మొగం ఒకరు చూసుకుంటామా?" అని కసిరింది అత్త. తర్వాత ఊరొచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె వెనక్కి తీసుకోలేదు, అలాగే ఉండనిచ్చింది.

నా శిక్షణ గడువూ అయిపోయింది. ఇంకో విడత డోన్‌లో ఇచ్చారు. రైల్వే స్టేషనుకు దగ్గర్లో గది, కొత్త మనుషులు, కొత్త పేచీలు. అత్త ఏం చేస్తోందో అని మనసులో ఉండేది గానీ, వెళ్ళడానికి కుదరలేదు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకసారి కర్నూల్లో మా అక్క దగ్గరి నుంచి నంద్యాలకు పనిమీద పోతూ, ఓర్వకల్లు దగ్గర బస్సు దిగి ఆటోలో ఫ్యాక్టరీ వైపు వెళ్ళాను. గేటులో భాయ్ యూనిఫాం వేసుకుని కుర్చీలో ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, చెయ్యి చాపి రోడ్డు అవతలికి చూపించాడు.

వేపచెట్టు కింద తాటాకుల పందిరి, బండి మీద పెద్ద బాండలి, అత్త. కోడలికి మధ్యాహ్నానికి కట్టిచ్చిన మరమరాల ఉగ్గానిని ఆమెతో పనిచేసేవాళ్ళు రుచి చూశారట, మాకూ తెమ్మన్నారట, రోజురోజుకూ డబ్బా పెద్దదైందట. చివరికి డబ్బాలు మోసి కోడలి భుజం నొప్పి పుడుతోందని బండినే గేటు ముందుకు తెచ్చేసింది. బొరుగులు తడిపి పిండుతూ, మిరపకాయ బజ్జీలు తిప్పుతూ, నాకు ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పింది.

చుట్టూ చూశాను. "బోర్డు పెట్టలేదేమమ్మా? ఇప్పుడు నువ్వే రాసుకోవచ్చు కదా" అన్నాను.

"ఎందుకు మేడమా? వాసనొస్తాంది కదా. దానికి సదువు గూడ అక్కర్లే."

విరామం గంట మోగింది. లోపలి నుంచి ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు, నీలం చొక్కాలు వేసుకుని. వాళ్ళలో కోడలు నవ్వుతూ, గట్టిగా ఏదో చెబుతూ వస్తోంది. నన్ను చూసి పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. తర్వాత అలవాటుగా బండి వెనక్కి వెళ్ళి ప్లేటు తీసుకోబోయింది.

"ఏమ్మే, యాడికి? అందర్తో పాటు వరసలో రా!" అంది అత్త గరిటె చూపిస్తూ.

కోడలు నాలుక కరుచుకుని వరస చివరికి పోయి నిలబడింది. అత్త నాకు ఒక ప్లేటు నింపి, పైన రెండు బజ్జీలు పెట్టి ఇచ్చింది. నేను నిలబడి తిన్నాను. కారం ఎక్కువైంది, కళ్ళ వెంట నీళ్ళు వస్తున్నా ఆపలేదు. ఇంతలో నంద్యాల బస్సు పట్టుకోవాలంటే ఇప్పుడే బయలుదేరాలని భాయ్ గేటు దగ్గర నుంచి కేకేశాడు. మిగిలిన బజ్జీని కాగితంలో చుట్టుకుని ఆటో ఎక్కాను.